క్రౌను మారింది... మీటరు మారలేదు!

కోరుకొండ నుంచి రాజమండ్రి సుమారు 20 కిలోమీటర్లు. ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు. ఆ దారిలో రోజూ తిరిగే పాత జీపు ఒకటి ఉందనుకోండి. కిందటి నెల దాకా అదీ 20 అనే చెప్పేది. ఇప్పుడు 16 అంటోంది! దారి అదే, టైర్లు అవే, డ్రైవరూ ఆయనే. కేబులు తెగలేదు, ముల్లు ఆగలేదు. మారిందల్లా వెనక హౌసింగులో, నూనెలో మునిగి ఎవరి కంటికీ కనపడని ఒక జత పళ్లచక్రాలు. మెకానిక్కుల భాషలో క్రౌను-పినియను.

పాత జీపుల్ని ఇష్టంగా ఉంచుకున్న ఇళ్లలో ఈ మార్పు కొత్తేం కాదు. పెట్రోలు ఇంజను తీసేసి డీజిలుది పెట్టిస్తారు. పెట్రోలు ఇంజను తిరిగినంత జోరుగా డీజిలు ఇంజను తిరగదు. కాబట్టి టాప్ గేర్లో కూడా బండి మొత్తుకుంటూ పోతుంది తప్ప వేగం అందుకోదు. అప్పుడు మెకానిక్కు ‘క్రౌను మార్చేద్దామండి’ అంటాడు. మారుస్తాడు. ఇంజను చప్పుడు తగ్గుతుంది, బండి హాయిగా సాగుతుంది. అంతా బాగానే ఉంటుంది, పెట్రోలు బంకు బిల్లులు ముందేసుకుని లెక్క కట్టేదాకా!

‘‘ఏరా అబ్బాయ్, మైలేజీ పెరుగుద్దన్నావు. ఉన్నదీ పోయిందేంట్రా?’’

‘‘ఆయ్... అదెలా పోద్దండీ బాబుగారూ, ఇంజను అంత తేలిగ్గా తిరుగుతుంటేను!’’

ఇద్దరూ అబద్ధమాడటం లేదు. అబద్ధమాడుతున్నది మీటరు.

లెక్క చూద్దాం. క్రౌను మార్చకముందు 20 లీటర్లకు బండి 200 కిలోమీటర్లు తిరిగేదనుకుందాం. లీటరుకు 10. మార్చాక నిజంగానే 230 తిరుగుతోంది. కానీ మీటరు మాత్రం 183 అని చూపిస్తుంది. యజమాని 183ని 20తో భాగించి ‘తొమ్మిది చిల్లరే’ అని తల పట్టుకుంటాడు. లాభం కళ్లముందే ఉన్నా నష్టంలా కనిపిస్తుంది. మెకానిక్కు మీద కోపం, పంపు సెట్టింగు మీద అనుమానం, ఇంజెక్టర్ల మీద ఖర్చు... అసలు జబ్బు అక్కడ లేదు.

ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలంటే బండి కిందికి దూరాలి.

మీటరుకు చక్రం కనపడదు

చాలామంది స్పీడోమీటరు చక్రం తిరగడాన్ని చూసి వేగం చెబుతుందనుకుంటారు. జీపుల్లాంటి వెనక చక్రాల బళ్లలో అలా కాదు. గేరుబాక్సు వెనక వైపు, ప్రొపెల్లర్ షాఫ్టు మొదలయ్యే చోట ఒక చిన్న గేరు ఉంటుంది. దానికి తగిలించిన కేబులే డ్యాష్‌బోర్డు దాకా వస్తుంది. అంటే మీటరు లెక్కపెట్టేది షాఫ్టు చుట్లని. ఆ షాఫ్టుకీ చక్రానికీ మధ్యలో కూర్చుని ఉంటుంది క్రౌను-పినియను. షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరగాలో నిర్ణయించేది అదే.

రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం వాడిన విల్లీస్ ఎంబీ జీపులో ఈ నిష్పత్తి 4.88. క్రౌనుకు 39 పళ్లు, పినియనుకు 8. తర్వాత వచ్చిన పౌర జీపుల్లో, మన దేశంలో మహీంద్రా వాళ్లు తయారుచేసిన సీజే-3బీతో సహా, 5.38 పెట్టారు. అంటే 43 పళ్లకు 8. మహీంద్రా 1947లో విల్లీస్ జీపుల్ని విడిభాగాలుగా తెప్పించి బిగించడం మొదలుపెట్టింది. చాలా ఏళ్లు ఆ జీపులు పెట్రోలు మీదే నడిచాయి. డీజిలు ఇంజన్ల కోసం ఫ్రాన్సులోని ప్యూజో కంపెనీతో లైసెన్సు ఒప్పందం కుదిరింది 1979లో. పెట్రోలు ఇంజను కోసం కుదిర్చిన 5.38 క్రౌనుకు తర్వాత పెట్టించిన డీజిలు ఇంజను జతపడకపోవడంలో వింతేముంది!

మన జీపుకు 5.38 తీసేసి 4.27 పెట్టారనుకుందాం. అంటే 47 పళ్లకు 11. జీపుల పాత కొలత 6.00-16 టైరు కిలోమీటరు దూరంలో సుమారు 450 చుట్లు తిరుగుతుంది. పాత క్రౌనుతో ఆ కిలోమీటరుకు షాఫ్టు తిరిగేది దాదాపు 2,420 చుట్లు. కొత్త క్రౌనుతో 1,920 చుట్లే. పాపం, మీటరుకు ఈ మార్పు గురించి ఎవరూ చెప్పలేదు. 2,420 చుట్లయితే తప్ప అది కిలోమీటరు అని ఒప్పుకోదు. అందుకే రాజమండ్రి నాలుగు కిలోమీటర్లు దగ్గరకొచ్చేసింది!

తేడా కావాలంటే పాత నిష్పత్తిని కొత్త నిష్పత్తితో భాగిస్తే చాలు. 5.38ని 4.27తో భాగిస్తే 1.26. మీటరు చూపిన ఏ అంకెనైనా దీంతో హెచ్చవేస్తే నిజం బయటపడుతుంది. మీటరు మీద 50 అంటే అసలు 63. 60 అంటే 75. 80 అంటే నూరు దాటినట్టే.

ముల్లు 60 మీద... బండి 75లో!

మైలేజీ లెక్క తప్పితే పోయేది డబ్బు. వేగం లెక్క తప్పితే మాత్రం ఇంట్లో అందరూ ఆలోచించాల్సిందే.

కోరుకొండ దాటి గోకవరం మీదుగా రంపచోడవరం, అక్కడి నుంచి మారేడుమిల్లి వెళ్లే దారి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. కింద పొలాల మధ్య తిన్నటి రోడ్డు, పశువులు, బడి వదిలే వేళ సైకిళ్లు. పైకి పోయేకొద్దీ అడవి, ఘాటు, మలుపులు. కొత్త క్రౌనుతో ఇంజను చప్పుడు తగ్గింది కాబట్టి చెవి కూడా డ్రైవర్ని హెచ్చరించదు. ఇన్నాళ్లూ ఇంజను రొదను బట్టి వేగం పోల్చుకున్న మనిషి ఇప్పుడు ముల్లునే నమ్ముకుంటాడు. ఆ ముల్లేమో 60 అంటుంది.

బ్రేకు నొక్కాక బండి ఆగే దూరం వేగంతో సమానంగా పెరగదు. వేగం రెట్టింపైతే ఆగడానికి నాలుగింతల దూరం కావాలి. 60 అనుకుని 75లో పోతున్న బండి, బ్రేకు పట్టిన దగ్గర్నుంచి ఆగడానికి ఒకటిన్నర రెట్ల కంటే ఎక్కువ దూరం తీసుకుంటుంది. అందులోనూ అవి పాతకాలం డ్రమ్ము బ్రేకులు! మలుపులో బండిని బయటికి నెట్టే బలమూ అదే లెక్కన పెరుగుతుంది. మీటరు చూసుకుని జాగ్రత్తగా నడిపే డ్రైవరుకే ఇక్కడ ఎక్కువ ప్రమాదం. ఎందుకంటే తాను జాగ్రత్తగానే ఉన్నానని అతని నమ్మకం.

పోలీసుల స్పీడ్ గన్ను ఈ గొడవేదీ పట్టించుకోదు. అది కొలిచేది అసలు వేగాన్ని. కేంద్రం 2018లో ప్రకటించిన పరిమితుల ప్రకారం డివైడరు లేని మామూలు రోడ్ల మీద కార్లకు 70 గరిష్ఠం. స్థానిక అధికారులు ఇంకా తగ్గించొచ్చు కూడా. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో తేలికపాటి వాహనం మితిమీరిన వేగానికి వెయ్యి నుంచి రెండు వేల రూపాయల జరిమానా పెట్టారు. ‘మా మీటరు అరవయ్యే చూపించిందండీ’ అంటే చలానా ఆగదు.

అద్దె బండి అయితే?

పైన చెప్పింది క్రౌను అంకె తగ్గినప్పటి సంగతి. పెంచితే కథ తిరగబడుతుంది. పెద్ద టైర్లు వేసి, బండి లాగడం లేదని 4.88 తీసి 5.38 పెట్టేవాళ్లూ ఉన్నారు. అప్పుడు షాఫ్టు ఎక్కువ తిరుగుతుంది, మీటరు గొప్పలకు పోతుంది. టైరు మార్చకుండా క్రౌను ఒక్కటే మారిస్తే నూరు కిలోమీటర్లకు 110 చూపిస్తుంది.

సొంత బండి అయితే సరే. కిలోమీటరుకు ఇంతని అద్దెకు తిరిగే బండి అయితే? ఒక కుటుంబం 300 కిలోమీటర్లు తిరిగొస్తే మీటరు 331 అంటుంది. కిలోమీటరుకు 12 రూపాయల చొప్పున వేసుకున్నా 370 రూపాయల దాకా తిరగని దూరానికి కట్టినట్టు. డ్రైవరుకు ఈ సంగతి తెలియకనూపోవచ్చు. అందుకని పోట్లాటకు దిగేముందు దారిలో కిలోమీటరు రాళ్లు చూసుకోవడం మర్యాద.

పెద్ద టైర్లు, పెద్ద అంకె క్రౌను రెండూ కలిపి వేస్తే ఒకదాని తప్పు ఇంకొకటి కొంత సర్దుతుంది. చుట్టుకొలత ఏడు శాతం పెరిగిన టైర్లతో 4.88ని 5.38 చేస్తే మిగిలే తేడా మూడు శాతమే. అంత మాత్రానికి మీటరు జోలికి పోనక్కర్లేదు.

రాళ్లే సాక్షి

తప్పు ఎంతో తేల్చడానికి యంత్రాలేమీ అవసరం లేదు. రోడ్డు పక్క రాళ్లు చాలు. జాతీయ రహదారి రాయికి నెత్తిన పసుపు రంగు, రాష్ట్ర రహదారి రాయికి ఆకుపచ్చ. రెండు కిలోమీటరు రాళ్ల మధ్య 200 మీటర్లకొకటి చొప్పున 2, 4, 6, 8 అని రాసిన చిన్న రాళ్లు కూడా చాలాచోట్ల ఉంటాయి.

దూరం చూడాలంటే పది రాళ్లు దాటాక మీటరులో ఎంత పెరిగిందో చూసుకోవాలి. ఒక్క రాయితో తేల్చేయకండి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు రాళ్లు అటూ ఇటూ జరిగి ఉండొచ్చు. పది మీద చూస్తే ఆ తేడా కొట్టుకుపోతుంది.

వేగం చూడాలంటే ఇద్దరుండాలి. డ్రైవరు ముల్లును కదలకుండా ఒక అంకె మీద నిలపాలి. పక్కన కూర్చున్నవాళ్లు ఒక రాయి నుంచి రెండో రాయికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడాలి. 3,600ని ఆ సెకన్లతో భాగిస్తే అసలు వేగం వస్తుంది. 60 సెకన్లు పడితే 60. 72 పడితే 50. 48లో దాటేస్తే 75. హైస్కూలు పిల్లలకు అప్పగిస్తే సరదాగా చేసి పెడతారు. స్టీరింగు పట్టుకున్న మనిషి మాత్రం వాచీ చూడకూడదు.

సెల్‌ఫోన్లో జీపీఎస్ ఉంటే ఇంకా సులువు. తిన్నటి రోడ్డు మీద, ఒకే వేగంలో కొంతసేపు పోయాక అది చూపే అంకెను నమ్మొచ్చు. వేగం పెంచుతున్నప్పుడూ తగ్గిస్తున్నప్పుడూ అది కాస్త వెనకబడుతుంది. ఘాటు మలుపుల్లో, చెట్ల కింద దాని మాట వినకండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కంపెనీ నుంచి వచ్చిన మీటరు కూడా ముక్కుసూటిగా నిజం చెప్పదు. కాస్త ఎక్కువ చూపేలా కావాలనే పెడతారు. చాలా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి నిబంధన 39 ప్రకారం మీటరు అసలు వేగం కంటే తక్కువ చూపనే కూడదు. ఎక్కువ చూపడానికి మాత్రం పదో వంతు, దాని మీద మరో 4 కిలోమీటర్ల దాకా వెసులుబాటు ఉంది. 80లో పోతున్న బండి మీటరు 92 దాకా చూపినా తప్పు కాదన్నమాట. అందుకే ఈ రాళ్ల పరీక్ష క్రౌను మార్చకముందు ఒకసారి, మార్చాక ఒకసారి చేయాలి. లేకపోతే ఏ తప్పు పాతదో, ఏది కొత్తదో తెలియదు.

ముల్లు తిప్పితే సరిపోదు

ఇక మరమ్మతు. కొన్నిచోట్ల కనిపించే చిట్కా ఒకటుంది. మీటరు విప్పి, ముల్లును ఊడబెరికి, కాస్త ముందుకు జరిపి మళ్లీ గుచ్చేస్తారు. ఐదు నిమిషాల పని. 60 దగ్గర సరిగ్గానే చూపిస్తుంది కూడా. కానీ బండి ఆగి ఉన్నప్పుడు ముల్లు సున్నా మీద ఉండదు! తేడా ఏ వేగంలోనైనా ఒకే మొత్తం కాదు, ఒకే నిష్పత్తి. 20 దగ్గర ఐదు, 60 దగ్గర పదిహేను. ముల్లు జరిపితే అన్నిచోట్లా ఒకే పదిహేను కలుస్తుంది. ఒక్కచోట సరి, మిగతా అంతటా తప్పు.

మీటరు లోపల ఏముందో తెలిస్తే ఈ పని ఎవరూ చేయరు. కేబులు చివర ఒక అయస్కాంతం తిరుగుతుంది. దాన్ని తగలకుండా చుట్టూ ఒక అల్యూమినియం గిన్నె. అయస్కాంతం తిరిగితే గిన్నెలో విద్యుత్తు పుట్టి, గిన్నె కూడా దాని వెంట తిరగబోతుంది. వెంట్రుకలాంటి స్ప్రింగు వెనక్కి లాగుతుంది. ఆ పెనుగులాటలో గిన్నె ఎంత తిరిగితే ముల్లు అంత. 1902లో ఒట్టో షుల్జ్ అనే జర్మన్ ఇంజనీరు దీనికి పేటెంటు తీసుకున్నాడు. దాదాపు నూరేళ్లు ప్రపంచమంతా దీని మీదే నడిచింది.

కిలోమీటర్ల అంకెలకు మాత్రం అయస్కాంతంతో పని లేదు. కేబులుకు నేరుగా బిగించిన చిన్న గేర్లు వాటిని తిప్పుతాయి. కాబట్టి స్ప్రింగును సర్ది ముల్లును బాగుచేసినా కిలోమీటర్లు తప్పుగానే తిరుగుతాయి. 5,000కి ఆయిలు మార్చే అలవాటున్న మన జీపు యజమాని అసలు 6,300 దగ్గర మారుస్తుంటాడు. రెండూ ఒకేసారి సరికావాలంటే కేబులు తిరిగే వేగాన్నే మార్చాలి. దానికి దార్లు రెండు.

మొదటిది, గేరుబాక్సు దగ్గర కేబులును తిప్పే చిన్న గేరును మార్చడం. ఇప్పుడున్న గేరు పళ్లను కొత్త నిష్పత్తితో హెచ్చవేసి పాత నిష్పత్తితో భాగిస్తే ఎన్ని పళ్లది కావాలో వస్తుంది. ఉన్న గేరుకు 18 పళ్లుంటే, మన ఉదాహరణలో 14.3. మూడో వంతు పన్ను దొరకదు కదా! 14 వేస్తే మీటరు రెండు శాతం ఎక్కువ చూపిస్తుంది, 15 వేస్తే దాదాపు ఐదు శాతం తక్కువ. ఎక్కువ చూపేదే మేలు. 14 తీసుకోవాలి. పళ్లు తగ్గితే గేరు లావు కూడా తగ్గుతుంది కాబట్టి అది కూర్చునే స్లీవు కూడా కుదరాలి. లేకపోతే పళ్లు సరిగ్గా పట్టక నెల తిరక్కుండా అరిగిపోతాయి.

సరిపోయే గేరు దొరకనప్పుడు రెండో దారి. కేబులు మధ్యలో అగ్గిపెట్టెంత గేరుపెట్టె ఒకటి తగిలిస్తారు. ఒకవైపు తిరిగిన దాన్ని ఇంకోవైపు కావలసినంత పెంచి ఇస్తుంది. బిగించే ముందు చేత్తో తిప్పి చూడాలి. కొన్ని పెట్టెలు దిశను తిప్పేస్తాయి, ముల్లు సున్నా కిందికి పోయి కొట్టుకుంటుంది.

ముల్లు ఊగిసలాడుతుంటే, టకటకమంటుంటే అది క్రౌను తప్పు కాదు. కేబులు ఎండిపోయిందనో, ఎక్కడో మడత పడిందనో అర్థం. ముందు దాన్ని తీసి శుభ్రం చేసి, పలచగా గ్రీజు పట్టించి, ఆ తర్వాతే కొలతలు తీసుకోవాలి.

కేబులు లేని కొత్త బళ్ల సంగతి వేరు. గేరుబాక్సు దగ్గర సెన్సరు ఉంటే అది పంపే సంకేతాల లెక్కను కంప్యూటర్లో మార్చాలి, లేదా మధ్యలో చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె పెట్టాలి. ఏబీఎస్ సెన్సర్లతో చక్రం దగ్గరే వేగం తీసుకునే బండికి క్రౌను ఏది వేసినా మీటరు మారదు, టైరు మారితేనే మారుతుంది. ముందు చక్రాలు నడిపే చిన్న కార్లలో చాలావాటికీ ఇంతే. వాటిలో కేబులు గేరు డిఫరెన్షియల్ తర్వాతే ఉంటుంది.

విప్పకుండానే పళ్ల లెక్క

సెకండ్ హ్యాండ్ జీపు కొంటున్నప్పుడు లోపల ఏ క్రౌను ఉందో అమ్మేవాళ్లకే తెలియకపోవచ్చు. హౌసింగు విప్పితే గేరు మీద 43-8, 39-8 అని అంకెలు చెక్కి ఉంటాయి. విప్పకుండానూ తెలుసుకోవచ్చు. చదునైన నేల మీద ముందు చక్రాలకు రెండువైపులా రాళ్లు పెట్టి, వెనక రెండు చక్రాలనూ జాకీ మీద లేపి కింద స్టాండ్లు పెట్టాలి. గేరు న్యూట్రల్‌లో ఉంచి హ్యాండ్ బ్రేకు వదిలేయాలి. పాత జీపుల్లో ఆ బ్రేకు షాఫ్టునే పట్టుకుంటుంది మరి. ప్రొపెల్లర్ షాఫ్టు మీద, టైరు మీద సుద్దతో గీతలు గీసి, రెండు చక్రాల్నీ కలిపి సరిగ్గా ఒక చుట్టు తిప్పాలి. షాఫ్టు ఐదుంపావు దాటి తిరిగితే 5.38. నాలుగుంపావైతే 4.27. ఒక్క చక్రాన్నే లేపగలిగితే దాన్ని రెండు చుట్లు తిప్పాలి. డిఫరెన్షియల్ సగం తిప్పుడే క్రౌనుకు అందిస్తుంది కాబట్టి.

ఫోర్ వీల్ జీపు అయితే ఇదే పరీక్ష ముందు హౌసింగుకూ చేయాల్సిందే, ఈసారి రాళ్లు వెనక చక్రాలకు పెట్టి. ఖర్చు కలిసొస్తుందని వెనక క్రౌను ఒక్కటే మార్చి వదిలేసిన బళ్లుంటాయి. ముందు చక్రాలు ఒక లెక్కలో, వెనకవి ఇంకో లెక్కలో తిరుగుతుంటే, గట్టి రోడ్డు మీద ఫోర్ వీల్ లివరు వేసిన కాసేపటికే లోపల ఏదో ఒకటి విరుగుతుంది. ముందు, వెనక లెక్కలు కలవకపోతే మీటరు సంగతి తర్వాత, ముందు ఆ లివరు ముట్టుకోవద్దని డ్రైవరుకు చెప్పాలి.

క్రౌను మార్పించిన రోజున మీటరులో ఉన్న కిలోమీటర్లు, తేదీ, పాత పళ్లు, కొత్త పళ్లు, టైరు కొలత ఒక కాగితం మీద రాయించి ఆర్సీతో పాటు పెట్టుకోండి. మీటరు గేరు వెంటనే దొరక్కపోతే, దొరికేదాకా డ్యాష్‌బోర్డు మీద చిన్న చీటీ అంటించుకోవచ్చు. మన జీపుకైతే ‘40 అంటే 50, 56 అంటే 70’ అన్న రెండు లెక్కలు చాలు.